ఇంగువలో వాసన లేదు

విజయనగరం,
18 నవంబరు 2024, కార్తీక సోమవారం.

ఇవాళ్టి పనులు: వాకిలి, దీపాలు, పాలు కాచడం, మావయ్యగారి మందులు, పప్పులు ఎండబెట్టడం, దుప్పట్లు ఉతికి ఆరవెయ్యడం, గుడి, సాయంత్రం వంట, చారు. మొత్తం తొమ్మిది. ఎనిమిది అయ్యాయి. చారు మళ్ళీ కుదరలేదు.

భాగ్యవతి వదినకి,

పద్మకుమారి నమస్కారాలు. మీకు ఫోను వినపడదు. పొందూరులో అన్నయ్యగారు ఫోను పట్టుకుని మధ్యలో అందించే మాటల్లో సగం ఆయన సొంతవే ఉంటాయి. అందుకని ఉత్తరం రాసి కొండబాబు వ్యానులో పంపుతున్నాను. ప్రతి వారం ఖద్దరు మూటలు దించడానికి అతను ఎలాగూ ఈ ఊరు వస్తాడు కదా, జవాబు కూడా అతని చేతికే ఇవ్వండి.

సంగతేమిటంటే, మీ నాన్నగారు అన్నం తినడం లేదు. దసరా వెళ్ళాక మా ముగ్గురికీ జ్వరం వచ్చి తగ్గింది. అప్పటినుంచి ఆయన పూటకి ఒక గరిటెడు చారు అన్నం తప్ప ఏమీ తినలేకపోతున్నారు. ఇప్పుడు ఆ చారు కూడా పక్కకి నెట్టేస్తున్నారు. అక్టోబరు ఇరవైన యాభై రెండు కిలోలు ఉన్నారు. నిన్న నలభై తొమ్మిది. ఎనభై మూడేళ్ళ మనిషి.

నా వైపు లోపం ఉందేమోనని, రోజూ పనులు, కొలతలు రాసుకునే నా పుస్తకం తీసి చూశాను. అత్తయ్యగారు నేర్పిన మిరియాల చారు ఇరవై ఏడేళ్ళుగా ఒకే కొలతతో పెడుతున్నాను. నలుగురికి చింతపండు చిన్న నిమ్మకాయంత, మిరియాలు చెంచా, జీలకర్ర చెంచా, ధనియాలు అరచెంచా, కందిపప్పు అరచెంచా, బెల్లం గోళీకాయంత, ఇంగువ చిటికెడు. కార్తీకం కాబట్టి వెల్లుల్లి మానేశాను. మిగతా దేంట్లోనూ మార్పు లేదు.

మార్పల్లా దినుసుల్లోనే ఉంది. ఈమధ్య ఇంగువలో వాసన లేదు వదినా. మన కొట్లోంచి కొత్త డబ్బా తెప్పించి తెరిస్తే అందులోనూ లేదు. మీకు తెలుసు కదా, దేవుడికి చూపించకముందు నేను ఏదీ నోట్లో వేసుకోను. పోపు పడ్డాక వచ్చే ఘుమఘుమతోనే నాకు లెక్క తెలిసేది. అది రాలేదని చిటికెడు ఇంగువ కాస్తా మూడు చిటికెలు చేశాను. అయినా రాలేదు. మీ తమ్ముడేమో మొదటి ముద్దకే "ఏటే ఇది, చారా, ఇంగువ గోదామా?" అని లేచిపోయారు.

వాసన లేని ఇంగువ ఆయనకి అంత కంపు ఎలా కొట్టింది? నాకు అర్థం కావడం లేదు. ఆఖర్న నేను కూర్చుని తిన్నాను. ఉప్పు ఉంది, పులుపు ఉంది, మిరియం మంట ఉంది. ఏది లేదో చెప్పలేకపోతున్నాను.

అత్తయ్యగారు నాకు చెప్పని దినుసు ఏదైనా మీకు చెప్పి ఉంటే దయచేసి రాయండి.

ఇట్లు,
పద్మకుమారి


పొందూరు,
23 నవంబరు.

పద్మకి,

ఉత్తరం అందింది. నాన్న మూడు కిలోలు తగ్గేదాకా నాకు ఎందుకు రాయలేదు? మొన్న పంచెలు కొనడానికి వచ్చినప్పుడు తమ్ముడు "బాగానే ఉన్నాడు" అన్నాడు. వాడికి కొట్టు బాగుంటే ఊరంతా బాగున్నట్టే.

అమ్మ దాచిన దినుసేమీ లేదు. ఉన్నదల్లా ఓపిక. నువ్వు మిక్సీలో తిప్పుతున్నావు కదూ? మిక్సీలో మిరియం వేడెక్కి చస్తుంది. రోట్లో దంచు, అదీ కచ్చాపచ్చాగా. చింతపండు పాతదైతే నల్లబడి చేదెక్కుతుంది, కొత్తది వాడు. అన్నిటికంటే ముఖ్యం, చారుని మరిగించకు. నురగ కట్టి పైకి లేస్తున్నప్పుడే దించెయ్యాలి. ఒక్క ఉడుకు ఎక్కువైతే అది చారు కాదు, కషాయం. పోపు నేతిలో వెయ్యి, నూనెలో కాదు.

పిప్పళ్ళు ఒక పొట్లం పంపుతున్నాను. నాలుగు పిప్పళ్ళు మిరియాలతో కలిపి దంచు. చలికాలం నాన్నకి అమ్మ అలాగే పెట్టేది. గ్లాసులో పోసి ఇస్తే ఊదుకుంటూ తాగేవాడు, చెవుల దాకా చెమట పట్టేది.

వారం తర్వాత బరువు చూసి రాయి.

భాగ్యవతి


విజయనగరం,
2 డిసెంబరు.

ఇవాళ్టి పనులు: తెల్లారి అరటి దొన్నెల్లో దీపాలు వదలడం, పాలు (మాడాయి, కింద రాశాను), మందులు, బియ్యం ఏరడం, రోలు కడగడం, పిప్పళ్ళు దంచడం, చారు రెండుసార్లు. ఎనిమిది. చారు రెండుసార్లూ పారబోత.

వదినకి,

మీరు రాసినట్టే చేశాను. రోట్లో దంచాను. కొత్త చింతపండు, నేతి పోపు, నాలుగు పిప్పళ్ళు. కుళాయి నీళ్ళ మీద అనుమానం వచ్చి ఒకరోజు బోరు నీళ్ళతో పెట్టాను. గిన్నె మార్చాను. ఒక్కొక్కటిగా మార్చి ఏది మార్చినప్పుడు ఏమైందో రాసుకున్నాను. ఆరు రోజుల లెక్క ఇది: రెండు రోజులు "మాడు కంపు", ఒకరోజు "ఘాటు", రెండు రోజులు మావయ్యగారు ఏమీ అనకుండా కంచం జరిపేశారు. ఒక్కరోజు సగం తిన్నారు. ఆ రోజు నేను ఏం వేరుగా చేశానో పుస్తకంలో వెతికితే ఏమీ లేదు. ముందురోజు చేసినదే.

ఒకే చెయ్యి, ఒకే కొలత, ఒకే పొయ్యి. రోజుకో రుచి ఎందుకు వస్తుంది?

మీరు కోపగించుకోనంటే ఒక మాట. మీరు పంపిన పిప్పళ్ళు కూడా పాతవనుకుంటాను. వాసన లేదు. నేతిలోనూ లేదు. మొన్న పూజకి తెచ్చిన సంపెంగల్లోనూ లేదు. అన్నీ మందులు కొట్టి పెంచుతున్నారు, ఇంకేం వాసన ఉంటుంది?

ఇవాళ పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, పక్కనే నిలబడి బియ్యం ఏరుతున్నాను. దాలమ్మ పెరట్లో అంట్లు తోముతోంది. అక్కణ్నుంచి కేకేసింది. "అమ్మా! పాలు మాడిపోతన్నాయి. ఈదంతా కంపు కొడతన్నాది, నీకు తెల్డం నేదా?" అంది. చూస్తే అడుగంటి నల్లగా ఉంది. నేను బియ్యంలో పడి చూసుకోలేదు. "ఏటమ్మా నీ ద్యాస, ఎక్కడ పెట్టుకున్నావు?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వదినా, ఇంకొక్కటి. అడగకూడదు కానీ అడుగుతున్నాను. మీ మనసులో నా మీద ఏదైనా ఉండి ఒక దినుసు చెప్పకుండా ఉంచారా? మా శ్రావణి పెళ్ళిలో నలుగు ముందు మేనత్తే పెట్టాలని, మండపంలోంచి మిమ్మల్ని రెండుసార్లు గట్టిగా పిలిచాను. మీరు పలకలేదు. అందరూ విన్నారు. ముహూర్తం దాటిపోతుందని పక్కింటి రాజకుమారి చేత పెట్టించాల్సి వచ్చింది. మీరు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. 2017 మే పదకొండు, ఆ రాత్రే పుస్తకంలో రాసుకున్నాను. ఏడేళ్ళయింది. ఇంకా కొట్టెయ్యలేదు. అది మన మధ్య సంగతి. అది మీ నాన్నగారి చారులోకి రాకూడదు.

బరువు: నలభై ఎనిమిదిన్నర.

పద్మకుమారి


పొందూరు,
7 డిసెంబరు.

పద్మకి,

నా పిప్పళ్ళు పాతవా? ఆ పొట్లం ఘాటుకి దారి పొడుగునా తుమ్ములేనని కొండబాబు వచ్చి చెప్పాడు. మీ అన్నయ్య కాగితం మీద రాసి చూపిస్తే నవ్వాను. ఇప్పుడు నవ్వడం లేదు.

మా నాన్నకి తిండి పెట్టడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయి. నీళ్ళు, గిన్నెలు, సంపెంగలు అని సాకులు వెతక్కు. నువ్వు చారు పెట్టలేవని నేను ఎలా నమ్మాలి? అమ్మ పోయే ముందు ఏడాది నీ చేతి చారే తాగింది, నా చేతిది కాదు. "పద్మ సేత్తో ఇస్తేనే దిగతాది" అని నా ముందే అంది. ఆ చెయ్యి ఇప్పుడు ఏమైంది?

ఆదివారం, పదిహేనో తారీఖున, మీ అన్నయ్య కారు కట్టించుకుని వస్తారు. నాన్నని పంపించు. ఇక్కడే ఉంటాడు. తమ్ముడికి నువ్వే చెప్పు.

పెళ్ళి సంగతి ఎత్తకు. దానికి నేను జవాబు రాయను.

భాగ్యవతి


విజయనగరం,
11 డిసెంబరు.

వదినకి,

ఇవాళ పనుల లెక్క రాయలేదు. పుస్తకం తెరిచాను కానీ ఏం రాయాలో తెలియలేదు.

నిన్న సాయంత్రం చారు పొయ్యి మీద పెట్టి, వెనక్కి తిరిగి కొబ్బరి తురుముతున్నాను. చారు పొంగి మంట ఆరిపోయింది. నేను చూడలేదు. ఎంతసేపో తెలియదు. మావయ్యగారు కర్ర పట్టుకుని గోడ ఆనుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చి అరిచారు. "ఒసే పద్మా! గేసే! గేసు! సచ్చిపోతావే!" అంత గొంతు ఆయనలో ఇంకా ఉందని నాకు తెలియదు. దీపం వెలిగించడానికి అగ్గిపెట్టె నా కొంగున కట్టుకునే ఉన్నాను.

దాలమ్మ పరుగెత్తుకొచ్చి సిలిండరు కట్టేసి కిటికీలు తీసింది. ఆయన ముందుగదిలోంచి పసిగట్టారు. దాలమ్మ పెరట్లోంచి పసిగట్టింది. నేను పొయ్యికి రెండడుగుల దూరంలో ఉన్నాను. వదినా, గ్యాసులో కూడా వాసన తగ్గించేశారా?

మీ తమ్ముడు కొట్టు వదిలి వచ్చి కూర్చున్నారు. తర్వాత "రేపట్నుంచి నువ్వు పొయ్యి ముట్టుకోకు. వెనక వీధి జగ్గమ్మ వచ్చి వండుతాది" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నారు.

నాకు ధ్యాస పోతోందని ఆయన అనుకుంటున్నారు. మతిమరుపు జబ్బు ఉంటుందట, అది మొదలయిందేమోనని అన్నయ్యగారితో ఫోనులో అంటుంటే విన్నాను. నాకు కూడా అదే అనిపిస్తోంది. కానీ నాకు అన్నీ గుర్తున్నాయి. నిన్న ఎన్ని మిరియాలు వేశానో కూడా గుర్తుంది. ఏది నిజమో తేలడం లేదు.

మీరు అన్నది నిజమే. పదిహేనున అన్నయ్యగారిని పంపండి. మావయ్యగారి పంచెలు ఆరు, చొక్కాలు నాలుగు, శాలువా, మందుల డబ్బా సర్ది ఉంచుతాను.

పద్మకుమారి


పొందూరు,
12 డిసెంబరు.

పద్మా,

కొండబాబు కోసం ఆగకుండా మీ అన్నయ్యని బస్సెక్కించి ఈ చీటీ పంపుతున్నాను. ఆయన నాన్న కోసం రావడం లేదు. నాన్నని పంపకు.

నీ ఉత్తరాలు మూడూ మంచం మీద పరిచి వరసగా చదివాను. ఇంగువలో వాసన లేదు. కొత్త డబ్బాలో లేదు. పిప్పళ్ళలో లేదు. సంపెంగలో లేదు. పాలు మాడితే తెలియలేదు. గ్యాసు తెలియలేదు. నీ మతి పోలేదు. ఇన్ని వస్తువులు ఒకేసారి చెడవు, పద్మా. చెడింది ఒక్కటే అయి ఉండాలి.

ఒక పని చెయ్యి. దాలమ్మని కూర్చోబెట్టుకో. నువ్వు కళ్ళు మూసుకో. ఇంగువ, కాఫీ పొడి, నెయ్యి, ఇంట్లో ఏవుంటే అవి ఒక్కొక్కటి నీ ముక్కు దగ్గర పెట్టమను. అదేమిటో నువ్వు చెప్పు. లెక్క రాసి పంపు. అబద్ధం రాయకు.

నిన్ను అన్న మాటలకి సిగ్గుపడుతున్నాను. అది తర్వాత.

భాగ్యవతి


విజయనగరం,
14 డిసెంబరు.

వదినకి,

చేశాను. మీ తమ్ముడు కొట్టుకి వెళ్ళాక, జగ్గమ్మ వంట ముగించి వెళ్ళాక, వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను.

ఇంగువ: తెలియలేదు.
కాఫీ పొడి: తెలియలేదు.
నెయ్యి: తెలియలేదు.
వెల్లుల్లి: తెలియలేదు.
అగరొత్తి, వెలిగించినది: పొగ కళ్ళకి తగిలింది. వాసన తెలియలేదు.
కర్పూరం: ముక్కులో చల్లగా తగిలింది. నేను సంతోషపడి "కర్పూరం" అన్నాను. తర్వాత ఆలోచిస్తే అది చల్లదనమే, వాసన కాదు.

ఏడోది నేను చెప్పలేదు, దాలమ్మే పెట్టింది. "ఏటిదే?" అన్నాను. కళ్ళు తెరిస్తే దాని చేతిలో కాగితం, కాగితంలో ఎండు చేప. మన ఇంట్లో, దేవుడి గదికి పది అడుగుల దూరంలో. నేను నోరెత్తేలోగా అదే అంది. "తిట్టు, తల్లీ, తిట్టు. నానిది మీ గుమ్మంలోకి తేగానే నువ్వు తిట్టాల. తిట్టనేదంటే నీకు నిజింగానే ముక్కు పోనాది." అని కొంగు కళ్ళకద్దుకుంది. నేను దాన్ని ఓదార్చాను. ఎవరు ఎవరిని ఓదార్చాలో నాకు తెలియలేదు.

ఏడు వస్తువులు. సున్నా.

ఎప్పుడు పోయిందో తెలియదు వదినా. దానికి తేదీ లేదు. జ్వరంతో ఒక్కసారిగా పోయిందో, ఏళ్ళ తరబడి ఉన్న రొంపతో కొద్దికొద్దిగా పోయిందో. పుస్తకంలో నెయ్యి తరిగితే రాశాను, బియ్యం తరిగితే రాశాను. ఇది తరుగుతుంటే రాయలేదు.

దయచేసి మీ తమ్ముడికి చెప్పకండి. దాలమ్మ చేత కూడా ఒట్టు వేయించుకున్నాను. మతిమరుపు అయితే జాలి పడతారు, ఏదో ఒక పని ఉంచుతారు. వాసన తెలియని మనిషికి వంటిల్లు ఎవరు ఇస్తారు? వంట చెయ్యకపోతే ఈ ఇంట్లో నేను ఏ లెక్కలో ఉంటాను?

జగ్గమ్మ చారుని మావయ్యగారు చూడనైనా చూడలేదు. "దాని సారు దానికే ఎట్టీ" అన్నారు.

పద్మ


పొందూరు,
19 డిసెంబరు.

పద్మా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రోజూ కాగితం తీసి మళ్ళీ పెట్టేస్తున్నాను. జవాబు రాయనన్న సంగతే ఇవాళ రాస్తున్నాను.

నాకు వినపడదని నేను మీ అందరికీ చెప్పింది 2019లో. ఈమధ్యే మొదలైందని చెప్పాను. అబద్ధం. అప్పటికి మూడేళ్ళయింది. మొదట గాజుల చప్పుడు పోయింది. తర్వాత పిట్టలు. తర్వాత వెనకనుంచి పిలిచేవాళ్ళు. ముందు నిలబడితే పెదాలు చూసి నెట్టుకొచ్చేదాన్ని. "భాగ్యవతికి పొగరు, పిలిస్తే పలకదు" అని అత్తవారి వీధిలో పేరొచ్చింది. పొగరు అన్నా పరవాలేదు, చెవిటిది అనకూడదు అనుకున్నాను. చెవిటిదంటే ఇక ఏ పేరంటానికీ నన్ను ముందుకి పిలవరని భయం. ఏ పనీ చెప్పరని భయం. నువ్వు రాసిన భయమే, పద్మా. నీ ఉత్తరం చదువుతుంటే నా చేతిరాతేమో అనిపించింది.

శ్రావణి పెళ్ళిలో నేను వంటల వైపు తిరిగి ఉన్నాను. సన్నాయి మేళం అక్కడే ఉంది, నాకు అదీ సగమే. నువ్వు పిలిచావని నాకు తెలియదు. నేను ఇటు తిరిగేసరికి రాజకుమారి చెయ్యి నా మేనకోడలి బుగ్గ మీద ఉంది. నన్ను కాదని పరాయిదాని చేత పెట్టించావనుకున్నాను. అందుకే తినకుండా వచ్చేశాను. పుస్తకంలో రాసుకునే అలవాటు నాకు లేదు గానీ నేనూ కొట్టెయ్యలేదు. నువ్వు రెండుసార్లు పిలిచావని నాకు మొదట తెలిసింది నీ డిసెంబరు రెండో తారీఖు ఉత్తరంలోనే. అది చదివాక కూడా కోపంగానే జవాబు రాశాను. నిజం రాస్తే మూడేళ్ళ అబద్ధం బయటపడుతుంది కదా.

ఇప్పుడు చారు సంగతి. నేను చెవి పోయాక పోపులు ఎన్ని మాడ్చానో మీ అన్నయ్యని అడుగు. అంతకు ముందు నేను వాసనతో వండేదాన్ని కాదు, చప్పుడుతో వండేదాన్ని. అది పోయాక ముక్కుతో నేర్చుకున్నాను. నువ్వు ఇటునుంచి అటు వెళ్ళు. నా దగ్గర ఉన్నదంతా రాస్తున్నాను, నాకు ఇక అక్కర్లేదు.

మిరియాలు ఉత్త బూర్లెమూకుట్లో వేయిస్తున్నప్పుడు మొదట దొర్లే చప్పుడే ఉంటుంది. తర్వాత ఒకటీ అరా టిక్కుమంటాయి. మూడో టిక్కుకి దించు, మాడవు. ఆవాలు జోరుగా చిటపటలాడి తగ్గుతాయి. తగ్గి, రెండింటి మధ్య ఒక ఊపిరి తీసుకునేంత ఎడం వస్తే జీలకర్ర వెయ్యి. ఇంగువ పుస్తకం ప్రకారం చిటికెడే, నీకు తెలిసినా తెలియకపోయినా. కరివేపాకు చుయ్యిమని ఆగిపోతే పోపు అయినట్టే.

చారు అన్నిటికంటే సులువు. పొయ్యి మీద మొదట ఏమీ అనదు. తర్వాత గిన్నె అడుగున బుసబుస మొదలై పెద్దదవుతుంది. అలా గోల చేసి చేసి ఉన్నట్టుండి గొంతు తగ్గిస్తుంది. అది మాట ఆపిన క్షణంలోనే నురగ పైకి లేస్తుంది. అప్పుడు కట్టెయ్యి. అమ్మ అటు తిరిగి పేరంటాళ్ళతో కబుర్లాడుతూ కూడా ఆ క్షణానికి చెయ్యి చాచేది. ఆవిడ చూసేది కాదు, వినేది.

ఆవాలు చిటపటమనడం నేను చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. చివరిసారని తెలిస్తే శ్రద్ధగా వినేదాన్ని.

ఒక్క షరతు. తమ్ముడికి, నాన్నకి చెప్పు. వాసన తెలియకుండా గ్యాసు దగ్గర ఒంటరిగా నిలబడకు. డాక్టరుకి చూపించు. నాలాగా మూడేళ్ళు దాచకు. దాచినన్నాళ్ళూ నేను అందరికీ దూరమయ్యాను, చెవి వల్ల కాదు.

నీ
భాగ్యవతి వదిన


విజయనగరం,
9 జనవరి 2025.

ఇవాళ్టి పనులు: ధనుర్మాసం ముగ్గు, పాలు (మాడలేదు), మందులు (మావయ్యగారివి, నావి), కందులు బాగుచేయడం, కొట్టుకి లెక్క పుస్తకాలు సర్ది ఇవ్వడం, మిరియాలు దంచడం, చారు. ఏడు. ఏడూ అయ్యాయి.

వదినకి,

ఆలస్యానికి క్షమించండి. ఒక్కొక్కటీ అయ్యాకే రాద్దామని ఆగాను.

డిసెంబరు ఇరవై మూడున చెప్పాను. ఇద్దరినీ కూర్చోబెట్టి, మీ ఉత్తరం చేతిలో పట్టుకుని, ఏడు వస్తువుల లెక్క చదివాను. ఎండు చేప దగ్గర ఆగాను, తర్వాత అది కూడా చదివాను. మీ తమ్ముడు తల పట్టుకున్నారు. ఇక వంటిల్లు పోయినట్టే అనుకున్నాను. ఆయనేమో, "ఇంగువలో వాసన నేదని ఆ కంపెనీవోడికి ఫోన్ సేసి నానా తిట్లూ తిట్టీసేనే! ఆడికిప్పుడేటి సెప్పాల?" అన్నారు. మావయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను ఏడుస్తూ నవ్వాను. సాయంత్రం మీ తమ్ముడు గ్యాసు లీకైతే కూసే మిషను ఒకటి తెచ్చి, స్టూలెక్కి, స్వయంగా గోడకి బిగించారు. కొట్లో మేకు కొట్టడానికి కూడా మనిషిని పిలిచే మనిషి.

డాక్టరు చూశారు. ముక్కులో కండ పెరిగిందట, దానికి మందులు ఇచ్చారు. మూడు నెలలు చూసి, తగ్గకపోతే ఆపరేషను. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. రెండు మాటలూ పక్కపక్కన రాసి పెట్టుకున్నాను. ఇవాళ్టికి రాలేదు.

జగ్గమ్మని మానిపించేశాం. మావయ్యగారు తన కుర్చీ వంటింటి గుమ్మంలో వేయించుకున్నారు. నేను పొయ్యి దగ్గర, ఆయన గుమ్మంలో. "ఇంగువ పడ్డాది... ఊ, సాలు. నెయ్యి కాగినాది, ఎయ్యి" అని అక్కణ్నుంచే చెబుతారు. మొదటిరోజు నాకు అనుమానం వచ్చింది. దేవుడికి పెట్టకముందు ఇలా పనిగట్టుకుని వాసన చూడటం తప్పేమో అన్నాను. "ఆ వాసన నానేటి పిల్సినానా, అదే వచ్చినాది. దేవుడి ముక్కు కూడా ఇక్కడే ఉంటాదిలే" అన్నారు. దీనికి శాస్త్రం ఏముందో నాకు తెలియదు. అడగదలచుకోలేదు.

మొదటి నాలుగు రోజులు గందరగోళం. ఏ చప్పుడు ఏదో తెలియలేదు. వీధిలో బండి వెళితే చారు పొంగిందని కట్టేశాను. కుక్కరు కూస్తే ఆవాలు వినపడలేదు. దాంతో ఒక పొయ్యి మీదే వండుతూ మిగతావన్నీ ఆపేశాను. దాలమ్మని అంట్లు తోమడం కూడా ఆపమన్నాను. "బాగుందమ్మా, ఆవాలు మాట్లాడతాయని మనుసులు నోరు మూసుకోవాల" అంటూ గట్టు మీద కూర్చుంది.

ఇవాళ కుదిరింది. మీకోసం రాస్తున్నాను, వినండి.

మూకుడు వేడెక్కాక మిరియాలు దొర్లాయి, వాన మొదలయ్యే ముందు రేకు మీద పడే చినుకుల్లా. ఒకటి టిక్కుమంది. ఆగి ఇంకొకటి. మూడోది కాస్త గట్టిగా. దించాను. రోట్లో మొదటి నాలుగు పోట్లు గరగర, తర్వాత మెత్తటి దెబ్బ. ఆవాలు ఒక్కసారిగా చిటపటమన్నాయి, ఒకటి మూత అంచుకి తగిలి ఖణేల్మంది. తగ్గాయి. నేను ఊపిరి తీసుకున్నాను. జీలకర్ర సన్నగా సుయ్యిమంది. కరివేపాకు, మీరు రాసినట్టే, ఒక్క చుయ్యి, ఆపైన ఏమీ లేదు. చారు ముందు ఏమీ అనలేదు. తర్వాత బుసబుస. అది పెరిగి పెరిగి గిన్నె సన్నగా అదిరింది. నేను పొయ్యి మీట మీద చెయ్యి వేసి నిలబడ్డాను. మావయ్యగారు కూడా మాట్లాడలేదు. అప్పుడు అది ఆగింది వదినా. ఆగింది. ఇన్నేళ్ళూ రోజూ నా ముందే ఆగుతున్నా నేను ఎప్పుడూ వినలేదు. కట్టేశాను. నురగ అంచు దాకా వచ్చి నిలిచింది.

దేవుడికి పెట్టి, మావయ్యగారికి అన్నంలో పోశాను. రెండోసారి అడిగారు. తర్వాత గ్లాసుతో అడిగారు. ఊదుకుంటూ తాగారు. చెవుల వెనక చెమట పట్టింది, కండువాతో తుడుచుకున్నారు. "మీ అత్త పెట్టినట్టుందా అని అడగవేటి?" అన్నారు. అడగలేదు. "నీది నీదేలే" అన్నారు. నేను తిన్నప్పుడు ఎప్పటిలాగే ఉప్పు, పులుపు, మంట. అంతే. కానీ ఇవాళ ఏది లేదో నాకు తెలుసు.

బరువు: యాభై.

మండపంలో నేను మిమ్మల్ని వెనకనుంచి పిలిచాను. ఒక్కసారి దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని పిలిచి ఉంటే సరిపోయేది. పెళ్ళికూతురి తల్లిని కదా, కదల్లేదు. ఇకమీదట ముందుకొచ్చే పిలుస్తాను. శ్రావణికి అయిదో నెల. ఉగాది వెళ్ళాక సీమంతం అనుకుంటున్నాం. గాజులు మొదట మేనత్తే తొడగాలి. మిమ్మల్ని తీసుకురావడానికి నేనే పొందూరు వస్తాను.

పడుకునే ముందు పాత పుస్తకం తీశాను. 2017 మే పదకొండు పేజీ. "భాగ్యవతి వదినని రెండుసార్లు పిలిచాను. పలకలేదు." ఆ వరసని అడ్డంగా కొట్టి, పక్కన ఇవాళ్టి తేదీ వేశాను. కింద రాశాను: వినపడలేదు. చెల్లు.

మీ
పద్మ